గోధుమల డబ్బుతో వచ్చిన పుస్తకాలు

(కడపలో డిగ్రీ, పీజీ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినవాళ్లు వచ్చి కూచోండమ్మా. మొహమాటం వద్దు, రండి. నేను మొదలుపెట్టడానికి తొందరేం లేదు.

రెండు దేశాల మధ్య చదువునూ సంస్కృతినీ ఇచ్చిపుచ్చుకోవడానికి యూనివర్సిటీల్లో కేంద్రాలు పెడతారు కదా, వాటి గురించి మాట్లాడమన్నారు. అలాంటివి దేశంలో చాలా ఉన్నాయి. నేను లోపల కూచుని చదువుకున్నది ఒక్కదాంట్లోనే. అందుకని దాని గురించే చెప్తాను. హైదరాబాదులో ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో మొదలైంది. పేరు అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. మేం ఏఎస్‌ఆర్‌సీ అనేవాళ్లం. ఈ పేరు ఇంతకు ముందు విన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఇద్దరు... ఆ వెనక అమ్మాయితో ముగ్గురు. సరే.

ఇంకో ప్రశ్న. ఇది పెద్దవాళ్లకు. చిన్నప్పుడు బళ్లో మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా తిన్నవాళ్లు, పాలపొడి కలిపిన పాలు తాగినవాళ్లు ఎంతమంది? చూడండి, ఎన్ని చేతులు లేచాయో! నేనూ తిన్నాను. ప్లేటు ఇంటి నుంచే తెచ్చుకునేవాళ్లం. ఆ రవ్వ సంచుల మీద ఇంగ్లీషు అక్షరాలుండేవి. అవి చదవడం కూడా మాకు రాదు. అమెరికా ఉప్మా అనేవాళ్లం, అంతే.

పిల్లలూ, ఉప్మాకూ లైబ్రరీకీ ఏం సంబంధం అనుకుంటున్నారా? చాలా ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1954లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని నంబరు పబ్లిక్ లా 480. పీఎల్ 480 అంటారు. అక్కడ రైతులు పండించిన గోధుమలు అవసరానికి మించి గోదాముల్లో పేరుకుపోయాయి. ఇక్కడ మనకు తిండి చాలడం లేదు. కొనుక్కుందామంటే డాలర్లు లేవు. ఆ చట్టం ఏమందంటే, డాలర్లు అక్కర్లేదు, మీ రూపాయలే ఇవ్వండి అంది. 1956లో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 1965, 66 కరువులప్పుడైతే ఓడ వస్తేనే రేషన్ షాపు తెరుచుకునే పరిస్థితి. మేం బళ్లో తిన్న ఉప్మా ఉచితంగా ఇచ్చిన భాగం. అమ్మిన భాగం దానికంటే చాలా పెద్దది.

మరి ఆ రూపాయలు ఏమయ్యాయి? ఇది గమనించండి. అవి అమెరికా ఖాతాలోనే ఉన్నాయి, కానీ మన దేశంలోనే ఉన్నాయి. వాషింగ్టన్‌కు పట్టుకుపోయి ఏం చేసుకుంటారు, రూపాయలు అక్కడ చెల్లవు కదా. ఇక్కడే ఖర్చు పెట్టాలి. చాలా భాగం మనకే అప్పుగా ఇచ్చారు. కొంత వాళ్ల రాయబార కార్యాలయాల ఖర్చులకు పోయింది. కొంత చదువుకు పెట్టారు. అయినా తరగలేదు. 1974లో వాళ్ల రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు ఒక చెక్కు రాసి మన ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఒకే ఒక్క చెక్కు! ప్రపంచంలో అప్పటిదాకా ఎవరూ అంత పెద్ద చెక్కు రాయలేదని దాన్ని రికార్డుగా చెప్పుకున్నారు.

చదువుకు పెట్టిన ఆ రూపాయల్లోంచే ఉస్మానియాలో ఆ కేంద్రం నడిచింది. నా మట్టుకు నాకు ఆ మాట చాలా రోజులు మనసులో తిరిగింది. ఎనిమిదేళ్ల వయసులో నా ఆకలి తీర్చిన గోధుమలు, ఇరవై ఎనిమిదేళ్లకు నా చేతికి పుస్తకం ఇచ్చాయి. రెండు ఆకళ్లూ నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు నేను అక్కడికి ఎలా వెళ్లానో చెప్తాను.

నేను అప్పుడు ఒక చిన్న ఊళ్లో ఇంగ్లీషు లెక్చరర్ని. ఎంఏలో మేం చదివిందంతా ఇంగ్లండు సాహిత్యం. షేక్‌స్పియర్, మిల్టన్, వర్డ్స్‌వర్త్. అమెరికన్ సాహిత్యం ఒక పేపరు, అదీ నోట్సు చదివి గట్టెక్కించాం. మా కాలేజీలో పుస్తకాలన్నీ రెండు బీరువాల్లో ఉండేవి. వాటికి తాళం. తాళంచెవి అటెండర్ దగ్గర. ఆయన సెలవు పెడితే ఆ రోజు పుస్తకం లేదు. నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు, పుస్తకం పోతే ఆయన జీతంలోంచి కోస్తారని భయం.

అలాంటి రోజుల్లో నా చేతికి ఒక తెలుగు పుస్తకం వచ్చింది. 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు వేశారు. మీ ఇళ్లలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో పట్టుకుపోయిన ఒక మనిషి, కుంటా కింటే, అతని తర్వాతి తరాలు. రాత్రి మొదలుపెట్టాను, తెల్లవారింది. మా పక్కింటి దర్జీ ఆ పుస్తకం తీసుకెళ్లాడు, ఆయన తర్వాత ఇంకెవరో తీసుకెళ్లారు, నాకు తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఎంఫిల్‌కు ఏం విషయం తీసుకుంటావని అడిగితే నేను ఆలోచించలేదు. నల్లజాతి రచయితలు అన్నాను. సరే అన్నారు. పుస్తకాలెక్కడున్నాయి అన్నాను. ఉస్మానియాలో ఉన్నాయి, వెళ్లు అన్నారు.

1983 ఎండాకాలం. కడప నుంచి రాత్రి బస్సు. కర్నూలు మీదుగా పొద్దున్నే గౌలిగూడలో దిగి, సిటీ బస్సు పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాను. ఆ కేంద్రం దేశంలో ఎక్కడి యూనివర్సిటీ వాళ్లకైనా చదువుకోవడానికి గ్రాంటు ఇచ్చేది. కొన్ని వారాలు అక్కడే ఉండి చదువుకోవచ్చు. లోపలికి వెళ్తే... ఎలా చెప్పాలి? లక్షకు పైగా పుస్తకాలు. అమెరికా గురించి అమెరికా బయట ఉన్న పెద్ద లైబ్రరీల్లో అదొకటని చెప్పేవారు. అరల మధ్య నడిచి, మనమే తీసి, మనమే చూసుకోవచ్చు. తాళం లేదు. మొదటి రోజు నేను ఏమీ చదవలేదు. ఊరికే అరల మధ్య తిరిగాను. జేమ్స్ బాల్డ్విన్ అనే నల్లజాతి రచయిత పేరు ఒక అరలో కనపడితే పుస్తకం తీశాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. ఎవరైనా వచ్చి ఎందుకు తీశావని అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు.

జిరాక్స్ ఉండేది. కానీ పేజీకి డబ్బులు కట్టాలి, నా దగ్గర ఎక్కువ లేవు. అందుకని పెన్సిల్‌తో రాసుకునేవాణ్ని. నాలుగు నోట్‌బుక్కులు నింపాను. పొద్దున్న తలుపు తెరిచేసరికి నేనక్కడ ఉండేవాణ్ని, రాత్రి దీపాలు ఆర్పేటప్పుడు లేచేవాణ్ని.

ఇంకో విషయం చెప్పాలి. ఇది ఏ నివేదికలోనూ ఉండదు. భారత్, అమెరికా ఇచ్చిపుచ్చుకోవడం కోసం పెట్టిన ఆ కేంద్రంలో నాకు ముందు దొరికింది బీహారు. తర్వాత దొరికింది మహారాష్ట్ర. బీహారు నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన, నాగపూర్ నుంచి ఒకాయన, నేను, భోజనం ఒకే బల్ల దగ్గర. నాగపూర్ ఆయన ఒక రాత్రి నాకు దళిత్ పాంథర్స్ గురించి చెప్పారు. 1966లో అమెరికాలో ఓక్లాండ్ అనే ఊళ్లో నల్లజాతి యువకులు బ్లాక్ పాంథర్స్ అని ఒక పార్టీ పెట్టారు. 1972లో బొంబాయిలో దళిత రచయితలు ఆ పేరు చూసి దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన నామ్‌దేవ్ ఢసాల్ కవిత్వం నాగపూర్ ఆయన మరాఠీలో చదివి, హిందీలో నాకు చెప్పారు. చూడండి, ఓక్లాండ్‌లో పుట్టిన మాట బొంబాయి వెళ్లి, నాగపూర్ మీదుగా, హైదరాబాదులో ఒక భోజనం బల్ల దగ్గర కడప జిల్లా వాడి చెవిన పడింది. ఇది ఏ ఒప్పందంలో రాసి ఉంటుంది? బల్ల వేసినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

అనుమానాలు ఉండేవి కదా అని మీరు అడగొచ్చు. ఉండేవి. ఉండాలి కూడా. అది ప్రచ్ఛన్న యుద్ధం కాలం. 1971 యుద్ధంలో అమెరికా తన ఏడో నౌకాదళం ఓడల్ని బంగాళాఖాతానికి పంపింది. అంతకు ముందు 1967లో ఇంకో సంగతి బయటపడింది. కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అని ఒక పెద్ద సంస్థ ఎన్నో దేశాల్లో సాహిత్య పత్రికలు నడిపేది, మన దేశంలో కూడా. దాని డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నుంచి వచ్చిందని తెలిసింది. కాబట్టి అమెరికా డబ్బుతో నడిచే చోటికి వెళ్తున్నానంటే నా స్నేహితుడు ఒకడు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. వాడి కోపంలో న్యాయం ఉంది, నేను వాదించలేదు.

నేను చెప్పగలిగింది నేను చూసింది. ఆ అరల్లో వాళ్ల అధ్యక్షుల గొప్పలు ఉన్నాయి. ఆ పక్క అరలోనే రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్, బాల్డ్విన్ లాంటి నల్లజాతి రచయితలు ఉన్నారు. అమెరికాను వాళ్లు తిట్టినంతగా మా స్నేహితుడు కూడా తిట్టలేదు. ఇచ్చేవాడికి ఏదో ఉద్దేశం ఉంటుంది. కానీ లక్ష పుస్తకాలు ఇచ్చాక, చదివేవాడు ఏ పుస్తకం తీస్తాడో ఇచ్చేవాడి చేతిలో ఉండదు.

ఇప్పుడు ఆవలి ఒడ్డుకు వెళ్దాం. మన మాట చూడండి, ఇచ్చిపుచ్చుకోవడం. ఇవ్వడమూ ఉంది, పుచ్చుకోవడమూ ఉంది. ఒక్కటి ఉంటే ఆ మాట నిలబడదు. మరి మన నుంచి వాళ్లు ఏం పుచ్చుకున్నారు?

1957లో రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. అమెరికాకు దిగులు పట్టుకుంది, మనం వెనకబడ్డామని. 1958లో వాళ్లు ఒక చట్టం చేసి సైన్సుకే కాకుండా ప్రపంచ భాషలు నేర్పడానికి కూడా యూనివర్సిటీలకు డబ్బు ఇచ్చారు. ఆ భాషల్లో తెలుగు ఒకటి. స్పుత్నిక్ ఎగిరినందుకు అమెరికాలో తెలుగు క్లాసులు! నవ్వొస్తుంది కానీ నిజం. విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు తెలుగు నేర్చుకోవడానికి వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో ఉండేవారు. 1971లో వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్ వెళ్లి అక్కడ దశాబ్దాలు తెలుగు చెప్పారు. హ్యాంక్ హైఫెట్జ్ అనే కవితో కలిసి ధూర్జటి కాళహస్తీశ్వర శతకాన్ని ఇంగ్లీషు చేశారు, 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వేసింది. డేవిడ్ షుల్మన్ గారితో కలిసి అన్నమయ్య పదాలు చేశారు, అది 2005లో వచ్చింది. అన్నమయ్య ఎవరు? మనవాడు. రాజంపేట పక్కన తాళ్లపాక. మనం బస్సులో వెళ్తూ ఆ బోర్డు చూస్తాం. ఎక్కడో అమెరికాలో ఒక అమ్మాయి ఆ పదం ఇంగ్లీషులో చదివి, ఈ ఊరు ఎక్కడుందని మ్యాపులో వెతుక్కుంటుంది.

మరి వాళ్లకు పుస్తకాలు ఎలా వెళ్లాయి? మళ్లీ గోధుమలే! 1962లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఒక ఆఫీసు తెరిచింది. అదే పీఎల్ 480 రూపాయలతో మన దేశంలో అచ్చయ్యే పుస్తకాలు అన్ని భాషల్లోవీ ఎంచుకుని కొని, ఓడలకెక్కించి, అక్కడి యూనివర్సిటీల లైబ్రరీలకు పంపింది. తెలుగు పుస్తకాలు కూడా. ఆలోచించండి. విజయవాడలో అచ్చై, ఇక్కడ వంద కాపీలు కూడా అమ్ముడుపోని కవితా సంపుటం ఉంటుంది. కవి ఇంట్లో చెదలు తినేస్తుంది. దాని ఒక కాపీ మంచు కురిసే ఊళ్లో చల్లటి గదిలో భద్రంగా ఉంటుంది. మీలో అమెరికా వెళ్లేవాళ్లు ఉంటారు కదా. 2023-24లో మన దేశం నుంచి అక్కడ చదివేవాళ్లు 3,31,602 మంది. అన్ని దేశాల కంటే మనవాళ్లే ఎక్కువ. మీరు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ యూనివర్సిటీ పెద్దదైతే లైబ్రరీ కేటలాగులో ఒక తెలుగు రచయిత పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. దొరికితే వెళ్లి పుస్తకం తీయండి. కొన్ని పాతవాటి మీద పీఎల్ 480 అనే గుర్తు ఇంకా కనిపిస్తుంది. అది చూసినప్పుడు మా ఉప్మా గుర్తు చేసుకోండి.

మన కడపకు ఈ పని కొత్త కాదు. 1820లో బ్రౌన్ దొర ఉద్యోగానికి ఇక్కడికే వచ్చాడు. తర్వాత ఇక్కడే ఒక బంగళా కొని, పండితులకు సొంత జీతాలిచ్చి, తాటాకు ప్రతులు ఎత్తి రాయించాడు. వేమన పద్యాలు వెతికాడు. 1852లో నిఘంటువు వేశాడు. యూనివర్సిటీ లేదు, ఒప్పందం లేదు, గ్రాంటు లేదు. అప్పు చేసి నడిపాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, మీకు నడిచి వెళ్లేంత దూరం. ఆయన దొరతనం ఉద్యోగే, ఆ సంగతి మరిచిపోనక్కర్లేదు. కానీ పుచ్చుకున్నదాన్ని ఆయన తన దగ్గర దాచుకోలేదు, అచ్చువేసి మనకే ఇచ్చాడు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి పేరు విన్నారా? 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్రం చెప్పారు. అక్కడ నేర్చుకున్న శాస్త్రంతో ఇక్కడ తెలుగు మాండలికాల్ని జల్లెడ పట్టారు. రైతులు, నేతపనివాళ్లు వాడే మాటలు ఊరూరా తిరిగి సేకరించి మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చారు. అది చూస్తే నాకు సిగ్గు వేస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ కేంద్రం సంగతి పూర్తి చేస్తాను. 1974 తర్వాత గోధుమల రూపాయలు తగ్గుతూ వచ్చాయి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది. 1999లో అమెరికా తన సమాచార సంస్థనే మూసి విదేశాంగ శాఖలో కలిపేసింది. ప్రపంచానికి తన సంగతి చెప్పుకోవాలన్న తొందర వాళ్లకు తగ్గింది. ఏఎస్‌ఆర్‌సీ పేరు ఇండో-అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీయే దాన్ని తన అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా నడుపుతోంది. ఇలాంటి చోట్ల డబ్బు తగ్గితే ఏ లైబ్రరీలోనైనా ముందు ఆగేది పత్రికల చందా. తర్వాత కొత్త పుస్తకాలు. ఆ తర్వాత ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇచ్చే గ్రాంటు. భవనం మాత్రం నిలబడే ఉంటుంది. అందుకే బయటి నుంచి చూసినవాళ్లకు ఏం పోయిందో తెలియదు. నాలాంటి చిన్న ఊరి లెక్చరర్‌కు తెలుస్తుంది.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

నేను అక్కడ చదివాను. ఎంఫిల్ అయింది, పీహెచ్‌డీ అయింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. సెమినార్లలో పేపర్లు చదివాను, అన్నీ ఇంగ్లీషులో. ఎవరు విన్నారు? ఇంకో ఇరవైమంది ఇంగ్లీషు లెక్చరర్లు. నన్ను అక్కడికి నడిపించింది ఒక తెలుగు పుస్తకం కదా? మా పక్కింటి దర్జీ కూడా చదివిన పుస్తకం కదా? మరి నేను లక్ష పుస్తకాల మధ్య కూచుని వచ్చి ఆ దర్జీకి ఏం ఇచ్చాను? ఒక్క వ్యాసం ఇవ్వలేదు. బాల్డ్విన్ గురించి తెలుగులో ఒక్క పేజీ రాయలేదు. రిటైరయ్యే ముందు ఏడాది ఒక కుర్రాడు వచ్చి, సార్, బాల్డ్విన్ తెలుగులో ఉన్నాడా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు పెద్దగా అడగలేదు, మామూలుగానే అడిగాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గోధుమలు తిన్నాను, పుస్తకాలు చదివాను. పుచ్చుకోవడం వరకే చేశాను.

అందుకని రెండేళ్ల నుంచి ఆ నోట్‌బుక్కులు తీసి కూచుంటున్నాను. బాల్డ్విన్ 1963లో వేసిన పుస్తకంలో మొదట ఒక ఉత్తరం ఉంది. పదిహేనేళ్ల కుర్రాడికి రాసింది. ఇంగ్లీషులో ఆ కుర్రాణ్ని ఏమంటారు? నెఫ్యూ. ఇప్పుడు దాన్ని తెలుగులో ఏమని రాయాలి? మేనల్లుడా? నేను 1983లో నోట్సు రాసుకునేటప్పుడు దీని గురించి ఆలోచించనే లేదు. నెఫ్యూ అని రాసుకుని పేజీ తిప్పేశాను. తెలుగులో పెట్టాలని కూచుంటే అక్కడే చెయ్యి ఆగిపోయింది. ఉత్తరం మొత్తం మళ్లీ చదివాను. ఆ కుర్రాడి తండ్రిని నేను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పానని రాస్తాడు. అంటే తమ్ముడి కొడుకు. అంటే రాస్తున్నది ఎవరు? పెదనాన్న. ఆ ఒక్క మాట పడగానే ఉత్తరం అంతా మారిపోయింది నాకు. ఒక పెదనాన్న తన ఇంటి పిల్లవాణ్ని కూచోబెట్టుకుని చెప్తున్నాడు, నాయనా, ఈ దేశం నిన్ను ఎందుకూ పనికిరానివాడిగా చూస్తుంది, వాళ్లు చూసినట్టు నిన్ను నువ్వు చూసుకోవద్దు అని. మన ఇళ్లలో ఇలాంటి మాట చెప్పిన పెదనాన్నలు లేరా? ఉన్నారు. ఈ హాల్లోనే ఉన్నారు. నలభై ఏళ్లు ఇంగ్లీషులో చదివినా నాకు ఆ పెదనాన్న కనపడలేదు.

ఆ నోట్‌బుక్కులు ఈ సంచిలో తెచ్చాను. నాలుగు. రెండోదాంట్లో చివరి పేజీలు చెదలు తినేశాయి, మిగతావి చదవొచ్చు. పెన్సిల్ రాత కాబట్టి కొంచెం వెలుతురులో చూడాలి. ఆ ఉత్తరం గురించి రాసుకున్నది మూడోదాంట్లో ఉంది, తెలుగులో నేను ఒకటిన్నర పేజీ దాకా వచ్చాను. కళ్లు పూర్వంలా లేవు. ఎవరైనా కూచుంటానంటే నేను ప్రతి ఆదివారం పొద్దున్న పదింటి నుంచి ఇక్కడే ఉంటాను. ఇంగ్లీషు బాగా రావాలని లేదు, తెలుగు రావాలి. ఇందాక వెనక చెయ్యెత్తిన అమ్మాయి, ఏఎస్‌ఆర్‌సీ పేరు విన్నానన్నావు కదమ్మా, నీ పేరు తర్వాత చెబుదువుగానీ. ముందు ఇటు రా, ఈ మూడోది తీసుకో.